పాత కారు మీటర్ బోర్డులో లైటు వెలిగితే లోపాన్ని పట్టుకోవడం ఎలా?

పదేళ్లు దాటిన కారులో మీటర్ బోర్డు మీద లైటు వెలిగినప్పుడు చాలామంది రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. బండి నడుస్తూనే ఉంది కదా అని దాన్ని అలవాటు చేసుకుంటారు, లేదంటే షెడ్డుకు తీసుకెళ్లి స్కానర్‌లో ఏ పేరు కనిపిస్తే ఆ భాగాన్ని మార్పించేస్తారు. మొదటి దానివల్ల ఇంజిన్ పోయే ప్రమాదం ఉంది; రెండో దానివల్ల డబ్బు పోవడం దాదాపు ఖాయం. నిజానికి ఇంటి ముందు నిలబెట్టిన కారు దగ్గర ఎవరైనా చేసుకోగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి, వాటికి ఒక వరుస ఉంది. ఒక మల్టీమీటర్, కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లను చదివే, ఫోనుకు కలిసే చిన్న స్కానర్, టార్చిలైటు, నోటుపుస్తకం ఉంటే చాలు.

ముందు తాళం తిప్పి చూడండి

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళాన్ని ఆన్ స్థానం దాకా తిప్పి, మీటర్ బోర్డులో ఏయే లైట్లు వెలిగాయో చూడండి. ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ, చెక్ ఇంజిన్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ ఈ దశలో వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు కొన్ని క్షణాల్లో ఆరిపోతాయి, మిగిలినవి ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోతాయి. వెలగవలసిన లైటు వెలగకపోవడం కూడా లోపమేనని గుర్తుంచుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి, ఎందుకంటే చెక్ ఇంజిన్ లైటు ఆరకపోతే దాని బల్బునే పీకేసి అమ్మేవాళ్లు ఉన్నారు.

తర్వాత రంగు చూడాలి. ఎరుపు అంటే బండి ఆపవలసిన విషయం, పసుపు అంటే వీలైనంత త్వరలో పట్టించుకోవలసిన విషయం. ఈ నియమానికి ముఖ్యమైన మినహాయింపు ఒకటే: పసుపు రంగు చెక్ ఇంజిన్ లైటు నిలకడగా కాక ఆరుతూ వెలుగుతూ ఉంటే ఇంజిన్ గట్టిగా మిస్సింగ్ కొడుతోందని, అంటే సిలిండర్లలో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. అప్పుడు కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. యాక్సిలరేటర్ తగ్గించి, మెల్లగా పక్కకు తీసి ఆపడం మంచిది, ఎందుకంటే ప్లగ్గుకు కరెంటు ఇచ్చే ఒక కాయిల్ ఖర్చుతో పోయేది కన్వర్టర్ ఖర్చు దాకా వెళ్తుంది.

ఎరుపు లైట్లకు స్కానర్‌తో పని లేదు

ఆయిల్ లైటు నడుస్తుండగా వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయాలి. పక్క ఊళ్లో మెకానిక్ ఉన్నాడు కదా, అక్కడి దాకా వెళ్దామనే ఆలోచన వద్దు. ఆ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. ఒత్తిడి లేకుండా కొద్ది నిమిషాలు తిరిగినా బేరింగులు పాడవుతాయి. చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్ స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ కింది గీత కంటే తక్కువ ఉంటే అదే గ్రేడు ఆయిల్ పోసి, స్టార్ట్ చేశాక కొన్ని సెకన్లలో లైటు ఆరుతుందేమో గమనించండి. ఆయిల్ సరిపడా ఉన్నా లైటు ఆరకపోతే, అది ఒత్తిడి స్విచ్ లోపమా పంపు లోపమా అన్నది స్విచ్ స్థానంలో ప్రెజర్ గేజ్ బిగించి చూస్తేనే తేలుతుంది. అంతవరకు బండిని టోయింగ్ చేయించడమే పద్ధతి.

ఉష్ణోగ్రత లైటు విషయంలో మన ఎండలకు కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. కొన్ని చిన్న కార్లలో వేడిని చూపే ముల్లు ఉండదు, లైటు ఒక్కటే ఉంటుంది, కాబట్టి అది వెలిగే సరికే ఆలస్యం అయి ఉంటుంది. ట్రాఫిక్‌లో ఉండి వెంటనే ఆపే వీలు లేకపోతే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ గట్టిగా పెట్టండి. లోపల ఉక్కిరిబిక్కిరి అవుతారు గానీ, ఇంజిన్ వేడి కొంత బయటకు వస్తుంది. ఆపిన తర్వాత కనీసం అరగంట గడిచే దాకా రేడియేటర్ మూత జోలికి వెళ్లకండి, ఎందుకంటే ఒత్తిడిలో ఉన్న ఆ నీరు నూరు డిగ్రీలు దాటి ఉంటుంది, మూత వదులైన మరుక్షణం ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లబడ్డాక కూలెంట్ మట్టం, పైపుల కీళ్ల దగ్గర తడి, ఫ్యాన్ ఫ్యూజు, ఫ్యాన్ రిలే చూడండి. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి. అప్పుడు కూడా తిరగకపోతే లోపం ఫ్యాన్ వైపే ఉందని సగం తేలినట్టే. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. ఆ నీటిలోని లవణాలు రేడియేటర్ సన్నని గొట్టాలలో పేరుకుని రెండు మూడేళ్ల తర్వాత ఇదే లైటుగా బయటపడతాయి.

బ్యాటరీ లైటు వెలిగితే బ్యాటరీ పోయిందని కాదు, డైనమో, అంటే ఆల్టర్నేటర్, ఛార్జింగ్ ఇవ్వడం లేదని అర్థం. బానెట్ ఎత్తి బెల్టు ఉందో లేదో చూడండి. చాలా ఇంజిన్లలో అదే బెల్టు నీటి పంపును కూడా తిప్పుతుంది కనుక, బెల్టు తెగితే ముందుకు కదలకూడదు. బ్రేకు లైటు అయితే మొదట హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందా చూసి, ఆ తర్వాత బ్రేకు ఆయిల్ మట్టం చూడాలి. మట్టం తగ్గితే ఊరికే పోసేయకండి. ప్యాడ్లు అరిగే కొద్దీ మట్టం దిగుతుంది, లేదా ఎక్కడో కారుతూ ఉంటుంది. ఈ రెండింటిలో ఏదో తెలియకుండా ఆయిల్ పోస్తే హెచ్చరికను చెరిపేసినట్టే. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే ఇక ఆ బండిని నడపవద్దు.

కోడ్ చదివే ముందు కరెంటు సంగతి చూడండి

పాత కారులో నాలుగైదు లైట్లు ఒక్కసారిగా వెలిగితే నాలుగైదు లోపాలు ఒకే రోజు వచ్చాయని అనుకోకండి. కంప్యూటర్లకు సరిపడా వోల్టేజి అందనప్పుడు ఏబీఎస్, పవర్ స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ వరసగా ఫిర్యాదు చేస్తాయి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, రాత్రంతా ఆగిన బండి బ్యాటరీని కొలవండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగానికి దిగినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనమైంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి.

ఆ తర్వాత ఎవరూ చూడని ఎర్తింగ్ చూడండి. మల్టీమీటర్ నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర తీగను ఇంజిన్ లోహం మీద శుభ్రమైన చోట పెట్టి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఇంజిన్‌కూ బాడీకీ బ్యాటరీకీ మధ్య ఉన్న ఎర్త్ తీగల కొసలు తుప్పు పట్టాయన్న మాట. వాటిని విప్పి, గీకి, మళ్లీ గట్టిగా బిగించండి. సముద్రతీరపు ఊళ్లలో తిరిగిన బండ్లకు ఇది మరీ ముఖ్యం. పైసా ఖర్చు లేని ఈ పనితోనే ఆరిపోయే లైట్లు చాలా ఉంటాయి.

మీ కారులో కోడ్ ఎలా చదవాలి

మన దేశంలో వాహనాల పొగ కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్-4 నియమాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాలలో మొదలయ్యాయి. దేశమంతటికీ 2017 ఏప్రిల్‌లో వచ్చాయి. బీఎస్-4 కార్లకు ఓబీడీ (కారు తన లోపాలను తానే గమనించి కోడ్‌గా నమోదు చేసుకునే వ్యవస్థ) మొదటి దశ 2010లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో తప్పనిసరి అయ్యాయి. అంటే ఒకే ఏడాదిలో తయారైన ఒకే మోడల్ కారు అయినా, హైదరాబాద్‌లో రిజిస్టర్ అయినది ఒక రకంగా, జిల్లాల్లో బీఎస్-3గా రిజిస్టర్ అయినది మరో రకంగా ఉండే అవకాశం ఉంది. మీ ఆర్‌సీలో చూసుకోండి. అమెరికాలో ఉండి పాత కారు వాడుతున్నవారికి ఈ చిక్కు లేదు, అక్కడ 1996 మోడల్ నుంచి ఓబీడీ-2 అన్ని కార్లకూ తప్పనిసరి.

స్కానర్ పెట్టే సాకెట్ స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్లకు కాస్త పైన ఉంటుంది. పై అంచు వెడల్పుగా, కింది అంచు ఇరుకుగా, రెండు వరుసల్లో మొత్తం 16 రంధ్రాలతో ఉంటుంది. బజారులో ఈఎల్‌ఎం 327 పేరుతో దొరికే బ్లూటూత్ పరికరం ఆండ్రాయిడ్ ఫోనుకు సరిపోతుంది. ఐఫోన్ వాడేవారు వైఫై రకం గానీ, ఐఫోన్‌కు పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉన్నది గానీ తీసుకోవాలి. మరీ చౌకగా దొరికే నకళ్లలో కొన్నిటికి పాత కార్లు మాట్లాడే పద్ధతులు రావు కాబట్టి, స్కానర్ కలవకపోతే కారు కంప్యూటర్ పోయిందని కంగారు పడకుండా, ముందు అదే స్కానర్‌ను మరో కారులో, తర్వాత మరో స్కానర్‌ను మీ కారులో పెట్టి చూడండి. స్కానర్ మీద లైటే వెలగకపోతే సాకెట్‌కు కరెంటు అందడం లేదు. దాని 16వ రంధ్రానికి బ్యాటరీ కరెంటు, 4, 5 రంధ్రాలకు ఎర్త్ రావాలి. చాలా కార్లలో ఆ సాకెట్ ఫ్యూజు మరో దానితో, తరచుగా సిగరెట్ లైటర్‌తోనో మ్యూజిక్ సిస్టమ్‌తోనో, కలిసి ఉంటుంది. ఫోన్ ఛార్జర్ వల్ల ఫ్యూజు పోయి, అదే కారణంగా స్కానర్ పనిచేయని కార్లు మామూలే.

ఇంకా పాతవైన, ఓబీడీ లేని కార్లలో చెక్ ఇంజిన్ లైటే మిణుకుతూ కోడ్ చెప్పేది. సర్వీసు పుస్తకంలో చెప్పిన రెండు టెర్మినళ్లను తీగతో కలిపితే లైటు విరామాలతో వెలుగుతుంది, ఆ లెక్కను అంకెలుగా చదవాలి. పాత సుజుకీ ఇంజిన్ల పద్ధతిలో 12 వస్తే లోపం ఏదీ నమోదు కాలేదని అర్థం. సరైన టెర్మినళ్లు తెలియకుండా మాత్రం ఈ పనికి పూనుకోకండి.

కోడ్‌ను చెరపకండి, ముందు రాసుకోండి

కోడ్ కనిపించగానే చెరిపేసి చూద్దాం అనిపిస్తుంది. బ్యాటరీ తీగ పది నిమిషాలు విప్పి పెట్టమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఆ రెండింటివల్లా మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది. కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, బండి వేగం, కూలెంట్ వేడి, లోడు ఎంత ఉన్నాయో కంప్యూటర్ ఒక చిత్రంలా దాచి పెడుతుంది. స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే చోట అది ఉంటుంది. కోడ్‌తో పాటు దాన్ని, ఆ రోజు తేదీని, కిలోమీటర్లను నోటుపుస్తకంలో రాసుకోండి. పెండింగ్ అనే చోట ఉన్న కోడ్‌లు కూడా రాసుకోండి. చాలా లోపాలు వరుసగా రెండు ప్రయాణాలలో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది కనుక, ఒక్కసారే కనిపించినవి అక్కడ ఆగి ఉంటాయి.

కోడ్‌ను చదవడం కష్టం కాదు. మొదటి అక్షరం పి అయితే ఇంజిన్, గేర్‌బాక్స్. సి అయితే బ్రేకులు, స్టీరింగ్ వంటివి. బి అయితే బాడీ, ఎయిర్‌బ్యాగ్. యు అయితే కంప్యూటర్ల మధ్య సంభాషణ. రెండోది 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత అర్థం, కాబట్టి పి1తో మొదలయ్యే కోడ్‌ను వేరే కంపెనీ కారు జాబితాలో వెతికితే తప్పుదారి పడతారు. మూడో స్థానంలోని అంకె 1 గానీ 2 గానీ అయితే గాలి, ఇంధనం. 3 అయితే మిస్సింగ్, ఇగ్నిషన్. 4 అయితే పొగ నియంత్రణ. 7 అయితే గేర్‌బాక్స్.

ఇక అసలు విషయం. కోడ్ అనేది కంప్యూటర్ రాసిన ఫిర్యాదు. ఫిర్యాదులో పేరు ఉన్నంత మాత్రాన ఆ భాగమే దోషి కాదు. ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది. ఒక వేసవిలో, ఖమ్మంలో, నా పాత పెట్రోలు కారు తాళం తిప్పగానే ఇంజిన్ స్టార్ట్ కాకముందే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, మైలేజీ పడిపోయింది. మెకానిక్ స్కానర్ పెట్టి, పి0118 చూసి, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పోయిందని చెప్పి మార్చాడు. నాలుగో రోజు మళ్లీ అదే కోడ్. అప్పుడు నేనే ఒక స్కానర్ కొని, లైవ్ డేటా, అంటే సెన్సర్లు ఆ క్షణంలో చెబుతున్న అంకెలు, తెరిచి చూస్తే, మే నెల మధ్యాహ్నం, మరుగుతున్న ఇంజిన్ వేడి -40 డిగ్రీలని చూపిస్తోంది. ఓబీడీ లెక్కలో చూపగలిగిన అట్టడుగు అంకె అదే. సెన్సర్ నుంచి సంకేతం అసలు రావడం లేదని దాని అర్థం. సెన్సర్ కొత్తదే. దానికి వెళ్లే తీగను ఎలుక కొరికింది.

అలాంటప్పుడు చేయవలసిన పరీక్ష రెండు నిమిషాలది. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, రెండు తీగలున్న టెంపరేచర్ సెన్సర్ కనెక్టర్ ఊడదీయండి. కారు వైపు ఉన్న రెండు టెర్మినళ్లను సన్నని తీగతో కలపండి. లైవ్ డేటాలో అంకె -40 నుంచి ఒక్కసారిగా వంద దాటి పైకి ఎగిరితే తీగలు, కంప్యూటర్ బాగున్నట్టే, లోపం సెన్సర్‌ది. అంకె కదలకపోతే తీగ ఎక్కడో తెగింది. కొన్ని కార్లలో సంకేతం రానప్పుడు కంప్యూటర్ తానే ఊహించిన అంకెను చూపిస్తుంది, అది కదలకుండా ఒకే చోట నిలిచి ఉండడాన్ని బట్టి గుర్తుపట్టాలి. ఈ పరీక్ష రెండు తీగల టెంపరేచర్ సెన్సర్లకు మాత్రమే; మూడు తీగల సెన్సర్లలో ఒకటి కరెంటు సరఫరా కనుక వాటిని ఇలా కలపకూడదు.

ఎక్కువగా ఎదురయ్యే కోడ్‌లు

పి0301, పి0302 వంటివి ఫలానా సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని చెబుతాయి. ప్లగ్గుకో కాయిల్ ఉన్న ఇంజిన్లలో ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి మార్చి నడపండి. కోడ్ కూడా కాయిల్‌తో పాటే మారితే కాయిల్ దోషం, మారకపోతే అదే తీరులో ప్లగ్గులను మార్చి చూడండి. అప్పుడూ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ మిగిలాయి. పి0300 అయితే ఏదో ఒక సిలిండర్ కాదు, సిలిండర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఇంధనం గానీ, గాలి గానీ, కరెంటు గానీ కారణం కావచ్చు.

పి0171 అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్లను అనవసరంగా మార్పించేది ఎక్కువగా ఈ కోడే. లైవ్ డేటాలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, చూడండి. 10 శాతానికి అటూ ఇటూ ఉంటే మామూలు, 20 దాటితే లోపం. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే ఎక్కడో పైపు పగిలి దొంగగాలి లోపలికి వస్తోంది. దానికి భిన్నంగా ఐడిల్‌లో బాగుండి, లోడు పడినప్పుడు పెరిగితే పెట్రోలు ఫిల్టర్, పంపు అనుమానించాలి. ఈ తేడా గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న ఇంజిన్లలో స్పష్టంగా కనిపిస్తుంది. మన చిన్న కార్లు చాలావాటిలో ఉన్నది ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్ గొట్టాల ఒత్తిడిని కొలిచే సెన్సర్. వాటిలో దొంగగాలి వస్తే ట్రిమ్ కంటే ముందుగా ఐడిల్ వేగం పెరగడమే కనిపిస్తుంది. బయట బిగించిన గ్యాస్ కిట్ ఉన్న కార్లలో ఈ కోడ్ వస్తే, కొన్ని రోజులు పెట్రోలు మీదే నడిపి చూశాకే మిగతా వెతుకులాట.

పి0420 వస్తే కన్వర్టర్ మార్చాలని అంటారు. ముందు సైలెన్సర్ పైపులో ఎక్కడా గాలి కారడం లేదని, మిస్సింగ్ కోడ్‌లు లేవని తేల్చుకోండి. ఆ తర్వాత ఇంజిన్ వేడెక్కాక కన్వర్టర్‌కు ముందూ వెనుకా ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సర్ల అంకెలు పక్కపక్కన చూడండి. మామూలు రకం సెన్సర్లయితే ముందుది 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ, వెనుకది దాదాపు నిలకడగా ఉండాలి. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే అప్పుడు కన్వర్టర్‌ను అనుమానించండి.

డీజిల్ కార్లలో పి0087, అంటే రైల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో) ఒత్తిడి చాలడం లేదనే కోడ్ వస్తే మొదట ఫిల్టర్ మార్చిన తేదీ చూసుకోండి. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపులను వదులు చేయడం పాత డీజిల్ బండ్ల అలవాటు. కామన్ రైల్ ఇంజిన్‌లో ఆ పని చేస్తే డీజిల్ చర్మంలోకి దూసుకుపోయేంత ఒత్తిడి ఉంటుంది. చేయకండి.

ఏబీఎస్ లైటు కోడ్‌ను మామూలు స్కానర్ చదవలేకపోవచ్చు. మామూలు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది, కానీ ఏబీఎస్, బ్రేకు లైట్లు రెండూ కలిసి వెలిగితే బండి నడపకపోవడమే మేలు. బేరింగ్ పనో సస్పెన్షన్ పనో చేయించిన తర్వాత ఏబీఎస్ లైటు వస్తే ఆ చక్రం దగ్గరి సెన్సర్ తీగను ముందు చూడండి. ఎయిర్‌బ్యాగ్ లైటుతో పాటు హారన్ కూడా ఆగిపోతే స్టీరింగ్ కింద ఉండి, తిరిగే స్టీరింగ్‌కు కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ తెగి ఉంటుంది. అక్కడితో మీ పని ఆపేయండి. పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లలో మల్టీమీటర్ పెట్టకూడదు.

బాగు చేశాక తేల్చుకోవడం

ఇప్పుడు కోడ్‌ను చెరపండి. లైటు ఆరిపోవడంతో పని అయిపోలేదు. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో రాసుకున్న పరిస్థితిని మళ్లీ కల్పించాలి. కోడ్ 80 కిలోమీటర్ల వేగంలో వచ్చి ఉంటే వీధి చివరి దాకా వెళ్లి వచ్చి ప్రయోజనం లేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఊళ్లో కొంత, హైవే మీద కొంత నడపండి, రెండు మూడు రోజులు ఇలా చేసి పెండింగ్ కోడ్‌లు చూడండి. కోడ్‌ను చెరపకుండానే బాగు చేసి ఉంటే, వరుసగా మూడు ప్రయాణాలలో లోపం కనిపించకపోతే లైటు దానంతట అదే ఆరుతుంది. జ్ఞాపకంలోని కోడ్ పోవడానికి మాత్రం ఇంజిన్ దాదాపు 40 సార్లు వేడెక్కి చల్లబడాలి.

షెడ్డుకు వెళ్లవలసి వస్తే ఆ నోటుపుస్తకం తీసుకెళ్లండి. సెన్సర్ మార్చమని చెప్పకుండా, ఈ కోడ్ వచ్చింది, ఈ వేడి దగ్గర వచ్చింది, తీగ బాగుంది, బ్యాటరీ ఇంత చూపించింది అని చెప్పండి. నా నోటుపుస్తకంలో ఆ మే నెల పేజీలో -40 అని రాసి, పక్కన ఎలుక అని ఒక్క మాట ఉంది. తెగిన తీగను కలిపి సోల్డర్ చేసి, టేపు చుట్టి, పైన గొట్టం తొడిగాక ఆ కోడ్ మళ్లీ రాలేదు. విప్పి తీసిన పాత సెన్సర్ బాగానే ఉంది కాబట్టి, దాన్ని డిక్కీలో దాచుకున్నాను.